తిరగేసిన కడ్డీలు

చెత్తడబ్బా ఖాళీగా ఉంది.

చంకలో బిడ్డను పెట్టుకునే ఆమె వంగి, ఆ రేకు డబ్బాలో చెయ్యి పెట్టి అడుగంతా తడిమింది. చిరిగిన చేతి తొడుగు ఒకటి తగిలింది, నాలుగు తాడు ముక్కలు తగిలాయి. నిన్న మధ్యాహ్నం తన చేతులతో పడేసిన నాలుగు కడ్డీలు మాత్రం లేవు.

ఇంట్లో అందరూ ఆమెను తనిఖీ అంటారు. ఆ పేరు పెట్టింది బావగారు, ఆమె భర్తకు అన్న. పొయ్యి ఆర్పానా అని మూడుసార్లు చూస్తుంది, తలుపు గడియ రెండుసార్లు లాగుతుంది. నిద్రపోతున్న బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఎన్నిసార్లు చూసుకుంటుందో లెక్కే లేదు. ఆ పిచ్చి పనికొస్తుందనే సామాన్ల గది ఆమెకు అప్పగించారు. నిట్టనిలువుగా దిగే గుహల్లోకి మనుషుల్ని తాళ్ల మీద దించడం అన్నదమ్ముల పని. పైకొచ్చిన తాళ్లు కడిగి ఆరెయ్యడం, ర్యాకులు విప్పి చూడడం ఆమె పని.

ర్యాకంటే బ్రహ్మవిద్యేమీ కాదు. తలపిన్నులా వంచిన జానెడున్నర ఉక్కు చట్రం, దానికి నిచ్చెన మెట్లలా ఆరు కడ్డీలు. తాడు ఒక కడ్డీ ముందు నుంచి, తర్వాతి కడ్డీ వెనక నుంచి పాములా మెలికలు తిరుగుతూ పోతుంది. ఆ రాపిడే మనిషిని మెల్లగా దించుతుంది. ప్రతి కడ్డీకీ ఒక కొసన చట్రం దూరే రంధ్రం ఉంటుంది, రెండో కొసన గడియలా చట్రానికి తగులుకునే గాడి ఉంటుంది. ఆ గాడిని వాళ్లు నోరు అంటారు. తాడు ఎప్పుడూ నోటికి అవతలి వైపు, కడ్డీ వీపు మీదే నొక్కాలి. అలా నొక్కినంతసేపూ నోరు చట్రాన్ని కరిచి పట్టుకుంటుంది.

బురద తాడు ఆ వీపునే తినేస్తుంది. ఎంత తిన్నదో చూడడానికి ఆమె ఒక రేకు ముక్కకు గంటు కోసి పెట్టుకుంది. అరిగిన చోట కడ్డీ ఆ గంటులో దూరిందంటే దాని ఆయువు తీరినట్టే. నిన్న భర్త ర్యాకులో నాలుగు దూరాయి.

ఇప్పుడా ర్యాకు కొక్కేనికి వేలాడుతోంది. ఆరు కడ్డీలతో, నిగనిగలాడుతూ.

కొత్తవి వచ్చాయేమో అనుకుంది ఒక్క క్షణం. చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. పైరెండూ సరిగ్గానే ఉన్నాయి. కింది నాలుగు కడ్డీల అరుగుళ్లూ అవతలి వైపుకు తిరిగి ఉన్నాయి. నున్నటి వైపు తాడుకు పెట్టారు. నున్నటి వైపే నోరుండేది కూడా.

ఆమె ర్యాకు పట్టుకునే బయటికి వచ్చింది.

భర్త వాకిట్లో వ్యానులోకి తాళ్ల సంచులు ఎక్కిస్తున్నాడు. గంటలో బయలుదేరాలి. ఇవాళ దిగే గుహ ముప్పై అంతస్తుల లోతు. ముందు దిగేవాడు అతనే.

"ఈ కడ్డీలు ఎవరు బిగించారు?"

"అన్నయ్య. పొద్దున్నే కూర్చుని బిగించాడు. కొత్తవి రాలేదుగా."

"తిరగేసి బిగించాడు."

"అరగని వైపు ఊరికే పోవడమెందుకు? దుప్పటి మాసిపోతే తిరగేసి కప్పుకోమా?"

"దుప్పటికి నోరుంటుందా? ఇది ఎటు తెరుచుకుందో చూశావా?"

"అన్నయ్య చూశాడులే."

"నేను నిన్ను అడిగాను. నువ్వు చూశావా?"

అతను సంచి మూతి ముడి వేస్తూ తల ఎత్తలేదు. అన్న ఎదుట నోట్లో నాలుక లేని మనిషి. అన్న పగలే చుక్కలు చూపిస్తే లెక్కపెట్టే మనిషి. పెళ్లయిన కొత్తలో ఆమె దాన్ని వినయం అనుకుంది.

"నాలుక ఎలాగూ మీ అన్నయ్యకే ఇచ్చేశావు. కళ్లు కూడా ఆయన దగ్గరే దాచుకున్నావా?" అంది. "ఆ తాడు చివర వేలాడేది ఆయన కాదు. ఈ బిడ్డకు నాన్న."

"మెల్లగా. సర్వేవాళ్లు వింటారు."

గుహ కొలతలు తీయడానికి వచ్చిన ఆ నలుగురూ గేటు దగ్గర టీ తాగుతున్నారు. ఆమె గొంతు ఇంకాస్త పెంచింది.

"విననీ. వాళ్లూ దిగాల్సినవాళ్లేగా."

బావగారు టీ గ్లాసు పట్టుకునే వచ్చాడు. మొహంలో నవ్వు చెరగలేదు. నిమ్మకు నీరెత్తినట్టున్న ఆ మొహం చూస్తే ఆమెకు ఎప్పుడూ ఒళ్లు మండుతుంది.

"ఏంటి తనిఖీ, ఇవాళ ఏం పట్టుకున్నావ్?"

"నేను పారేసినవి మీరెందుకు తీశారు బావగారూ?"

"పారేశావు కాబట్టి తీశాను. నీ చేతికిస్తే ఇల్లు కూడా పారేస్తావు." గేటు వైపు చూసి కాస్త గొంతు తగ్గించాడు. "వాళ్లకు మాటిచ్చాను. ఇరవై ఏళ్లుగా దిగుతున్నవాణ్ణి. ఎనిమిదో తరగతి గుమ్మం దాటనిదానివి, నాకు పాఠం చెప్తావా?"

"పాఠం కాదు, గడియ. గడియ తీసిన తలుపుకు ఆనుకుని కూర్చుంటే ఏమవుతుందో ఎనిమిదో తరగతి దాకా కూడా పోనక్కర్లేదు. మా చంటిదానికీ తెలుసు."

భర్త ఎందుకో దగ్గాడు. బావగారి నవ్వు సగం ఆరిపోయింది.

ఆమె బిడ్డను భర్త చేతుల్లో కుక్కింది. సామాన్ల గదిలోకి వెళ్లి, నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీలు బట్టల మీదే బిగించుకుంది. తాళ్లు ఆరేసే దూలానికి ఒక తాడు కట్టి ఉంటుంది. దాని కింద చెక్కపెట్టె బోర్లించి ఎక్కింది. ర్యాకును పట్టీకి తగిలించి, తాడును ఆరు కడ్డీలకూ వేసింది, ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి, తన భర్త రోజూ వేసుకునేట్టే. అన్నదమ్ములిద్దరూ గుమ్మంలో నిలబడ్డారు.

"దిగు, పిచ్చి వేషాలూ నువ్వూ," అన్నాడు బావగారు.

ఆమె కాళ్లు పైకి ముడుచుకుంది.

టక్కుమని ఒకటి, ఆ వెంటనే మూడూ కలిసి ఒకే చప్పుడు. కింది నాలుగు కడ్డీలూ నోళ్లు వదిలేసి పక్కకు తూలాయి. తాడు సర్రున జారింది. ఆమె పెట్టె అంచుకు తుంటి కొట్టుకుని నేల మీద కూలబడింది. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది.

మూరెడు ఎత్తు. అంతే. అక్కడైతే ముప్పై అంతస్తులు.

"తాడు తప్పు వేశావు," అన్నాడు బావగారు.

"సరే, మీరు వెయ్యండి." ఆమె పట్టీలు విప్పి ర్యాకు ఆయన చేతిలో పెట్టింది. "వేసి, మీరే కూర్చోండి."

ఆయన వేశాడు. ఈసారి అటుదిటు మార్చి, వెనక నుంచి మొదలుపెట్టాడు. చేత్తో గట్టిగా గుంజి చూశాడు. కింది నాలుగూ నిలిచాయి, పైరెండూ తెరుచుకున్నాయి. నిలిచిన నాలుగింటి మీద తాడు మళ్లీ ఆ అరిగిన వీపుల్లోకే వెళ్లి కూర్చుంది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. నోరు ఎటుంటే వీపు దానికి అవతలే. కడ్డీని ఎన్నిసార్లు తిరగేసినా తాడు తినేది ఆ ఒక్క వైపే. ఇరవై ఏళ్లు రోజూ పట్టుకున్న వస్తువు.

పెట్టె ఎక్కలేదు. టీ గ్లాసు కోసం చుట్టూ వెతుక్కున్నాడు.

"రాళ్లు తడిగా ఉన్నాయట," అన్నాడు గుమ్మం వైపు తిరిగి. "ఇవాళ వద్దులే. వాళ్లకు చెప్పొస్తాను."

ఆమె పళ్లు పటపట కొరికింది. పొరపాటు నాది అనే రెండు ముక్కలకు ఆ నోరు తెరుచుకోదు. తెరుచుకోకూడని నోళ్లే తెరుచుకుంటాయి ఈ ఇంట్లో.

"నేను చూడలేదే," అన్నాడు భర్త, బిడ్డను ఊపుతూ, గొణిగినట్టు. "చూడాల్సింది."

ఆమెకు అతని మీదకన్నా ఎక్కువగా తన మీదే మండిపోతోంది. పారేస్తే పోయాయనుకుంది. ఇన్ని తనిఖీలు చేసే మనిషి, డబ్బాలో వేసినది మళ్లీ చేతికొస్తుందని ఎందుకు అనుకోలేదు?

కడ్డీలు నాలుగూ చట్రం నుంచి ఊడదీసింది. మొదటిదాన్ని బల్లకున్న వైసు ఇనుప దవడల మధ్య బిగించి, ఇనుప రంపం తీసింది.

"నేను కోస్తాను, ఇటివ్వు."

"నువ్వు బిడ్డను పట్టుకో. అదైనా సరిగ్గా పట్టుకున్నావో లేదో నేను చూస్తా."

రంపం కీచుమంది. వెండి పొట్టులా రజను ఆమె మణికట్టు మీద రాలింది. ఒకటి రెండైంది. రెండు నాలుగైంది. తుంటి సలుపుతుంటే ఒంటికాలి మీద బరువు వేసుకుని కోసింది. గేటు బయట సర్వేవాళ్ల బండి వెళ్లిపోయిన చప్పుడు వినబడింది.

బావగారు తిరిగొచ్చేసరికి ఎనిమిది ముక్కలూ డబ్బాలో ఉన్నాయి. ఆమె కొక్కెం మీద నుంచి ఇంకో ర్యాకు దించి, గంటు కోసిన రేకుముక్క పట్టుకుని కడ్డీలు ఒక్కొక్కటే చూస్తోంది. మూడోది గంటులోకి జారింది.

"అది నాది," అన్నాడు ఆయన.

"తెలుసు," అని ఆ కడ్డీని వైసులో బిగించింది.