తొట్టిలో తెల్లనీళ్ళు

"మళ్ళీ పాలు కలిపినట్టున్నాయేంటి నీళ్ళు?" అన్నాడు భర్త, చెప్పులు విప్పుతూనే. ఆమె భుజాన బ్యాగు ఇంకా దింపలేదు. ఇద్దరూ ఒకే లిఫ్టులో పైకొచ్చారు. అతనికి తొట్టి కనిపించింది. ఆమెకి దాని పక్కనున్న బకెట్టు కనిపించింది.

ఆ చేపల తొట్టి అతని ముచ్చట. అడుగున నల్లమట్టి పరిచి, సన్నగడ్డి, ఎర్రాకుల మొక్కలు నాటి, వేలెడైనా లేని చేపల్ని వదిలాడు. చూసినవాళ్ళు నోరెళ్ళబెడితే "నా చేత్తో పెంచిన అడవి" అనేవాడు. నీళ్ళు తేటగా ఉన్నంతకాలం అది అతనిది. తెల్లబడిన రోజునుంచి ఆమెదైపోయింది. "మేత ఎక్కువ వేసుంటావు," అన్నాడతను. "పరధ్యానంలో సబ్బుచెయ్యి పెట్టుంటావమ్మా," అన్నారు అత్తగారు సోఫాలోంచి. కాదనడానికైనా ఓపిక ఉండాలి కదా. పగలంతా బీమా ఆఫీసులో ఫోను పట్టుకుని, ఎవరెవరి అరుపులకో "క్షమించండి సార్" అంటూ గడిపి, ఇంటికొచ్చి గొట్టంతో నీళ్ళు లాగడం, బకెట్లు బాత్రూముకి మోయడం, కొత్తనీళ్ళు పట్టి మొక్కలు లేచిపోకుండా మెల్లగా పోయడం. పోయగానే తేటపడ్డట్టుండేవి. మర్నాటికి మళ్ళీ మొదటికే. చివరికి నడుం పట్టేసింది. "బామ్ రాసుకో," అన్నాడు టీవీ మీంచి చూపు తిప్పకుండా. నడుం వెనక్కి ఆమె చెయ్యి అందదని అతనికి తోచలేదు.

ఆ మర్నాడు భోజనాల వేళ, తినడం మానేసి చేపల కొట్టుకి వెళ్ళింది. కొట్టతను అంతా విని, "ఫిల్టర్ స్పాంజి ఈమధ్య కడిగారా అమ్మా?" అన్నాడు.

కడిగింది భర్త. స్నేహితులొచ్చిన రోజు, వాళ్ళ ముందే, కుళాయి కింద పిండి పిండి కొత్తదానిలా చేశాడు. "ఎంత మురికో చూడండి! నేను చూసుకోకపోతే అంతే ఈ ఇంట్లో," అని కూడా అన్నాడు.

"అక్కడే వచ్చింది చిక్కు," అన్నాడు కొట్టతను, ఆమె చెప్పింది విని. "నీళ్ళని బాగుచేసే సూక్ష్మజీవులు ఆ మురికిలోనే ఉంటాయి. కుళాయినీళ్ళలో క్రిముల్ని చంపే మందుంటుంది కదా, చచ్చిపోయాయి. మళ్ళీ పుట్టుకొచ్చేదాకా ఇంతే."

"రోజూ సగం నీళ్ళు మారుస్తున్నానండీ."

"అయ్యో, ఎందుకమ్మా? కుదురుకునేదాన్ని కదిపేస్తున్నారు. మేత తగ్గించండి, మోటారు ఆపకండి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే కాసిని నీళ్ళు మార్చండి. లేదంటే ఇంకేం చెయ్యకండి."

ఇంకేం చెయ్యకండి. పెళ్ళయ్యాక ఆ మాట తనతో ఎవరన్నా అన్నారా అని ఆలోచించింది. గుర్తురాలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక నవ్వొచ్చింది. ఆ వెనకే, మోసిన బకెట్లన్నీ గుర్తొచ్చాయి.

సాయంత్రం భర్తతో చెప్పింది. "కొట్టువాళ్ళు ఏదో ఒకటి అంటగట్టాలని చూస్తారు," అన్నాడు.

"ఏమీ అమ్మలేదండీ. ఇంటికి పొమ్మన్నాడు."

"రేపు తమ్ముడు వాళ్ళొస్తున్నారు. ఈ తెల్లనీళ్ళు వాళ్ళకి చూపించనా? మార్చెయ్."

"మార్చను."

తన నోటికి ఆ మాట తెలుసని ఆమెకే తెలీదు. అతను ఆమెని చూశాడు, బకెట్టుని చూశాడు, రిమోట్ అందుకున్నాడు. మర్నాడు మరిది తొట్టి చూసి మొహం చిట్లిస్తే, "మీ వదిన ముట్టుకోనివ్వలేదురా," అన్నాడు. ఆమె విననట్టు కుర్చీలు సర్దింది. చేపలు అడుగునే నింపాదిగా తిరుగుతున్నాయి. రోజురోజుకీ తెలుపు పల్చబడుతూ వచ్చింది. ఒక ఉదయం ఎర్రాకుల మీది ఈనెలు కూడా కనిపించాయి.

ఆ సాయంత్రం ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతుంటే, అతను ఫోన్లో తమ్ముడికి చెబుతున్నాడు. "ఓపిక పట్టాలిరా. ఊరికే కెలక్కూడదు. నేను వదిలేశాను, అదే సర్దుకుంది."

ఫోను పెట్టేసి ఆమె వైపు తిరిగాడు. "గోడ పొడుగునా పట్టే పెద్ద తొట్టి తెద్దామనుకుంటున్నా. ఏమంటావ్?"

"తెచ్చుకోండి. అది మీదే, ఇదీ మీదే. ఇకనుంచి నేను చెయ్యి పెట్టను."

అతను నవ్వాడు. "అలసిపోయి అంటున్నావులే."

ఆమె చేతిలోని అతని చొక్కాని మడత పెట్టకుండానే అతని ఒళ్ళో ఉంచింది.

"అవునండీ," అంది, "అలసిపోయే అంటున్నాను."