మిట్టమధ్యాహ్నం క్లాసు

మా ఆయనది డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే ఒక గది, రెండు కుర్చీలు, గోడకి ట్రాఫిక్ గుర్తుల చార్టు, బయట ఒక పాత కారు. వీధంతా ఆయన్ని మాస్టారంటారు. కనిపించిన ప్రతివాడికీ స్టీరింగ్ పట్టడం నేర్పిన మనిషి, పెళ్లాన్ని మాత్రం ఇన్నేళ్లూ పక్క సీట్లోనే కూర్చోబెట్టారు.

నేను ఇంట్లో యూనిఫాంలు కుడతాను. కుట్టిన మూటలు ఫ్యాక్టరీకి చేర్చాలంటే ఆయన తీరిక కోసం కాచుకు కూర్చోవాలి. ఆ తీరిక ఎప్పుడూ నా గడువు దాటాకే వస్తుంది. "ఈసారి ఆలస్యమైతే ఆర్డరు వేరేవాళ్లకి ఇచ్చేస్తామమ్మా" అని ఫ్యాక్టరీ స్టోరు మేనేజరు తేల్చి చెప్పాక, లైసెన్సు తీసుకోవాల్సిందేనని పట్టుబట్టాను. పరీక్షకి తేదీ కూడా తెచ్చుకున్నాను. ఆయన సరేనన్నారు. పొద్దుటి చల్లని క్లాసులు ఫీజు కట్టినవాళ్లకి, మిట్టమధ్యాహ్నం క్లాసు నాకు.

ఒక రోజు నేను నడుపుతుంటే మార్కెట్ రోడ్డులో నత్తనడక. క్లచ్ గురించి ఆయన ఉపన్యాసం జోరుగా సాగుతోంది. ఇంజన్ వేడి చూపించే ముల్లు మెల్లగా పైకి పాకుతోంది.

"ఏమండీ, ఆ ముల్లు ఎర్రగీత దగ్గరికొచ్చింది."

"నువ్వు రోడ్డు చూడు."

"దాటేసిందండీ."

"కారు నడపడమంటే మీటర్లతో కాపురం చెయ్యడం కాదు. క్లచ్ మీంచి కాలు తియ్యి."

నేను పక్కకి తిప్పబోయాను. ఆయన స్టీరింగ్ పట్టుకుని మళ్లీ రోడ్డు మధ్యకి లాగారు. "ఆపమన్నానా నిన్ను?"

బానెట్ సందుల్లోంచి భుస్సున ఆవిరి లేచింది. అప్పుడు కూడా "ఆ మలుపు దాకా పోనీ" అన్నారు. మలుపు రాకముందే ఇంజన్ వణికి, గొణిగి, చచ్చినట్టు ఆగిపోయింది.

జనం పోగయ్యారు. ఆయన దిగి, చొక్కా సర్దుకుని, నవ్వు మొహం పెట్టారు. "మా ఆవిడండీ. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది."

ఇక వేరే సాక్ష్యమెందుకు? అందరూ తలలూపారు. నేను ఇల్లు చేరేసరికే, మాస్టారి భార్య ఇంజన్ కాల్చేసిందన్న కబురు నాకంటే ముందు చేరింది. "వాడి పొట్ట కొట్టావు కదే తల్లీ" అన్నారు మా అత్తగారు. ఆయన ఇంకో మెట్టెక్కి, "పరీక్షా లేదు, గిరీక్షా లేదు. ఇక స్టీరింగ్ ముట్టుకోకు" అని తీర్పు చెప్పారు.

మర్నాడు ఆయన మెకానిక్ షెడ్డుకి బయల్దేరుతుంటే నేనూ చెప్పులేసుకున్నాను.

"నువ్వెందుకు?"

"నేను కాల్చిన ఇంజన్ నేను చూసుకోవద్దా?"

మెకానిక్ ఆయనకి పాత స్నేహితుడే. మాట్లాడకుండా నట్టు కూడా విప్పలేడు. ఆయిల్ పుల్ల బయటికి తీసి చూశాడు. నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలెక్కువైన కాఫీలా ఉంది.

"నీళ్లు ఆయిల్లో కలిశాయి మాస్టారూ. గ్యాస్కెట్ పోయుంటుంది. హెడ్డు విప్పాలి."

"క్లచ్ నొక్కిపట్టి రేజ్ చేసిందిలే" అన్నారు ఈయన, నన్ను కంటికొసతో చూపిస్తూ.

"క్లచ్ నొక్కితే క్లచ్ ప్లేట్లు పోతాయిగా. హెడ్డుకేం సంబంధం?"

"అదే, ఫస్ట్ గేర్లోనే నడిపింది."

"మార్కెట్లో మరి టాప్ గేర్లో నడపమంటావా?"

ఇంజన్ మీద మూతలా ఉండే హెడ్డు విప్పాక చూస్తే, దాని కింద నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే గ్యాస్కెట్ రెండు సిలిండర్ల మధ్య కాలి తెగిపోయింది. మెకానిక్ హెడ్డు మీద ఉక్కు స్కేలు నిలబెట్టి, వెనక టార్చి వేశాడు. కింద సన్నగా వెలుతురు గీత. "వంగింది. లేత్‌కి పంపి చదును చేయించాలి. బతికే కేసేలే. కానీ ఇంత వేడి ఎందుకెక్కిందో తెలియకుండా బిగిస్తే మళ్లీ నా దగ్గరికే వస్తావు."

రేడియేటర్ చూశాడు, కారడం లేదు. పంపు చూశాడు, బాగానే ఉంది. ఇంజన్ని చల్లబరిచే ఫ్యాను వెనక చెయ్యి పెట్టి ఒక వైరు బయటికి లాగాడు. ప్లగ్గు ఊడదీసి ఉంది. దాని మొనకి నల్లటేపు, అంచులు కూడా లేవకుండా, నీటుగా చుట్టి ఉంది.

"ఎలుకలు ఊడదీశాయా మాస్టారూ?"

"అయ్యుండచ్చు. ఇంట్లో ఎలుకలెక్కువే."

"టేపు కూడా చుట్టి వెళ్లాయే! చదువుకున్న ఎలుకలల్లే ఉన్నాయి."

నేను ఆ టేపునీ, ఆయన్నీ మార్చి మార్చి చూశాను. అలా చూస్తూ నిలబడితే మా ఆయన ఎక్కువసేపు తట్టుకోలేరు.

"రొద" అన్నారు చివరికి. "కారు ఆగిన ప్రతిసారీ ఆ ఫ్యాను బర్రుమంటుంది. చెప్పేది నేర్చుకునేవాళ్లకి వినపడట్లేదని మొన్ననే తీశాను. పొద్దున క్లాసుల్లో ఏమీ కాలేదు మరి!"

"పొద్దున చల్లగా ఉంటుంది. రోడ్డు ఖాళీ, గాలి తగులుతుంది" అన్నాడు మెకానిక్. "ఎండలో, నత్తనడకలో ఆ ఫ్యానే దిక్కు. అంటే, నీ పాఠం వినపడాలని ఇంజన్ ఊపిరి తీశావన్నమాట." పొట్ట పట్టుకుని నవ్వాడు.

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తిరిగి వస్తూ దారిలో గొంతు తగ్గించి, "ఈ సంగతి బయట అనకు. స్కూలు మూతబడుతుంది" అన్నారు.

"నేనెందుకంటాను? కాల్చింది నేనని మీరే అందరికీ చెప్పారుగా."

"అది... ఏదో ఆ క్షణానికి."

"పరీక్ష తేదీ మారదు. పొద్దుటి మొదటి క్లాసు నాది. అత్తయ్యగారికి మాత్రం ఇవాళే నిజం చెప్పండి, నా ఎదురుగా."

చెప్పారు. అత్తగారు కొడుకుని ఎగాదిగా చూసి, "వాడికి చిన్నప్పట్నుంచీ తన గొంతంటే ముద్దు" అని లోపలికి వెళ్లిపోయారు. నాకు క్షమాపణ లాంటిదేమీ రాలేదు. ఆ సాయంత్రం టీ మాత్రం ఆవిడే కలిపిచ్చారు.

హెడ్డు చదునై వచ్చింది, కొత్త గ్యాస్కెట్ పడింది, ఫ్యాను వైరు చోటుకి చేరింది. నేను పొద్దుటి క్లాసులకి వెళ్లాను. పరీక్షలో బండి వెనక్కి తీసేటప్పుడు ఒకసారి తడబడ్డాను గానీ, పాసయ్యాను.

గడువు రోజున మూటలన్నీ డిక్కీలో, వెనక సీట్లో కుక్కి, ఒక్కదాన్నే బయల్దేరబోతుంటే మా ఆయన ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. స్కూలుకి కొత్త బోర్డు రాయిస్తున్నారట. "భార్యకే నేర్పినవాళ్లం, మీకు నేర్పలేమా?" అని.

"ఒక్క నిమిషం ఆగు. కిటికీలోంచి ఇటు చూసి నవ్వు."

"మేనేజరు స్టోరు మూసేస్తాడండీ" అని గేరు వేశాను.

ఫొటోలో నా మొహం పడలేదు. మూయడం కుదరక తాడుతో కట్టిన డిక్కీ తలుపు, దాంట్లోంచి తొంగిచూస్తున్న మూటలు పడ్డాయి. బోర్డు రాసేవాడికి ఆ రోజే ఫొటో ఇవ్వాలట. కట్టిన డబ్బు ఎందుకు పోగొట్టుకోవాలని ఆయన దాన్నే బోర్డు మీద వేయించారు.