భాస్కరరావు పూడ్చిన వాక్యం

ఆ రోజుల్లో తిరువూరు గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రాలు నలుగురైదుగురు చేరి, చదివిన నవల గురించి మాట్లాడుకునేవాళ్లు. పుస్తకం ఒక్కటే ఉండేది కాబట్టి వంతులవారీగా, వారానికొకరు ఇంటికి పట్టుకెళ్లేవాళ్లు. మనసుకు తగిలిన వాక్యం పేజీలోంచి లేచి, చదివినవాళ్ల అరచేతికి అంటుకునేది. సబ్బుకీ పోదు, కుంకుడుకాయకీ పోదు. కొన్నాళ్లకు దానంతటదే అరిగిపోవాలి. పేజీలో మాత్రం ఖాళీ అలాగే ఉండిపోయేది.

"చదవమన్నాను గానీ మేయమన్లేదు," అని గ్రంథపాలకుడు కోదండరామయ్యగారు సణిగేవారు. మంత్రసాని పరమేశ్వరికైతే రెండు చేతులూ నిండిపోయాయి. పురిటి మంచం మీద ఆడవాళ్లు ఆవిడ చేతులు చదువుకుంటూ నొప్పులు పడేవాళ్లు.

పత్తి వ్యాపారి వెంకటప్పయ్యగారి కూతురు ప్రమీలారాణి, కొట్లకు బోర్డులు రాసే భాస్కరరావు రెండేళ్లుగా అక్కడ ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. నవలల్లో ప్రేమ గురించి వాదించడానికి ఇద్దరికీ బోలెడు నోరు. సొంత సంగతి దగ్గర మాత్రం ఇద్దరూ మూగవాళ్లే.

ఇంతలో ఆమెకు ఎ.కొండూరు సంబంధం వచ్చింది.

"ఇష్టం లేకపోతే చెప్పమ్మా, బలవంతం లేదు. సోమవారానికి వాళ్లకు మాట చెప్పాలి," అన్నాడు తండ్రి.

ఆమెకు ఇష్టం లేదు. కానీ ఎవరి కోసం కాదనాలి? ఆడపిల్ల తనే వెళ్లి అడగ్గలదా? ఆ వారం బెజవాడ నుంచి కొత్త ప్రేమ నవల వచ్చింది. మొదటి వంతు భాస్కరరావుది, రెండోది తనది. అతనికి మనసంటూ ఉంటే ఖాళీలే చెబుతాయి అనుకుంది.

ఆదివారం అతను రాలేదు. గుడికి బోర్డు రాయాలని నెమలి అనే ఊరికి వెళ్తూ, పుస్తకం కోదండరామయ్యగారికి ఇచ్చిపోయాడు. ప్రమీలారాణి ఇంటికెళ్లి తలుపు వేసుకుని పేజీలన్నీ తిప్పింది. ఎక్కడా ఒక్క ఖాళీ లేదు. నూటపన్నెండో పేజీలో, ఊరు విడిచి వెళ్లబోతూ నాయిక అంటుంది: "అడిగితే ఆగిపోతాను." అది చదివి ఆమెకు ఏడుపొచ్చింది. వాక్యం మాత్రం పేజీలోంచి కదల్లేదు. అతనిది రాతి గుండె, నాదీ ఎండిపోయినట్టుంది అనుకుంది. సోమవారం పొద్దున్నే తండ్రికి సరేనంది.

పెళ్లి పందిట్లో స్వాగతం బోర్డు భాస్కరరావే రాశాడు. ఊళ్లో అచ్చులాంటి అక్షరం ఇంకెవరికుంది? అప్పగింతలయ్యాక ఆమె కారెక్కుతుంటే అక్షింతలు వేయడానికి చెయ్యెత్తాడు. అరచేతిలో ఆ వాక్యం ఉంది.

ఆమె కాలు అక్కడే ఆగింది. "అది పుస్తకంలోనే ఉంది కదండీ?" అంది మెల్లగా.

"నేనే మళ్లీ రాశానండి, అచ్చు అక్షరాల్లో. మీ వంతుకి ఖాళీగా ఉంటే బాగోదని."

చేత్తో రాసింది ఎవరికీ అంటుకోదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. రెండేళ్లు ఎదురుగా కూర్చున్న ఆ మనిషి మీద ఒళ్లు మండిపోయింది.

"మీకు కాస్త మర్యాద తక్కువైనా బతికిపోయేదాన్నండీ," అని కారెక్కి కూర్చుంది.

దారి పొడవునా ఏడుస్తూనే ఉంది. పక్కన కూర్చున్న ఆడపడుచు గోవిందమ్మ వీపు నిమురుతూ, "పుట్టిల్లు విడిచిపెట్టేటప్పుడు అందరికీ ఇంతేనమ్మా, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది," అని ఎ.కొండూరు వచ్చేదాకా చెబుతూనే ఉంది.