పదికి తొమ్మిది

లిఫ్టులు తయారుచేసే ఆ కంపెనీకి నలభై శాఖలు, పన్నెండు వేల వెబ్ పేజీలు. వాటన్నిటినీ నడిపించే హైబ్రిడ్ కంటెంట్ సిస్టమ్‌ని ఎంచుకునే పని మేనేజరు నెత్తిన పడింది. హైబ్రిడ్ అంటే మరేం లేదు. ఒకసారి రాసింది వెబ్‌సైటులోనూ, ఫోన్లలోనూ, లిఫ్టు లోపలి తెరమీదా కనిపించాలి. రాసేవాళ్ళకి సులువుగా ఉండాలి, ప్రోగ్రామర్లకీ కుదరాలి. అందుకని ఇరుపక్షాలూ వాడి చూసి మార్కులు వెయ్యాలని నియమం పెట్టారు.

ప్రోగ్రామర్లు రెండు వారాలు వాడి ఎనిమిది వేశారు. పేజీలు రాసే విభాగానికి పెద్ద, మేనేజరుకి సొంత వదిన. ఆవిడ చేతికిస్తే లక్ష వంకలు పెడుతుంది, గడువు కాస్తా దాటిపోతుంది అనుకున్నాడు. మార్కుల కాగితంలో ఆవిడ గడిలో తనే తొమ్మిది వేసి చేతులు దులుపుకున్నాడు. ఎవరు అడగొచ్చారులే అని ధీమా.

అడిగారు. చివరి మీటింగులో డైరెక్టరు కాగితం మీద వేలుపెట్టి, "పదికి తొమ్మిదే! అంత నచ్చిందామ్మా మీకు?" అన్నాడు వదినతో.

ఆవిడ కాగితం చూసింది. మరిదిని చూసింది.

"వాడాం సార్. బాగుంది," అంది.

చప్పట్లు మోగాయి. ఒప్పందం కాగితాలు తెమ్మని డైరెక్టరు మనిషిని పంపి, అందరికీ కాసేపు విరామం ఇచ్చాడు. మేనేజరుకి మాత్రం తల కొట్టేసినట్టయింది. నలుగురిలో దులిపేసినా ఇంత సిగ్గు వేసేది కాదు. చిన్న అబద్ధానికే పిల్లల చెవులు మెలిపెట్టే మనిషి, అతనికోసం నిండు మీటింగులో అబద్ధమాడింది.

వరండాలో ఆవిడ వెనకే పరుగెత్తాడు. "వదినా, తప్పయిపోయింది. నేను..."

"చాల్లే ఊరుకో," అని నవ్వింది ఆవిడ. "అందరిముందూ నీ పరువు తీసి మీ అన్నయ్యకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? అది సరేగానీ, పేజీ జనానికి వెళ్లకముందు ఎలా ఉంటుందో మనం చూసుకోవచ్చా అందులో? మావాళ్ళు మొట్టమొదట అదే అడుగుతారు."

అతనికి అది తెలీదు. అమ్మేవాళ్ళు చూపించింది చూసి తలూపాడే తప్ప, అందులో ఒక్క ముక్క కూడా తను రాసి చూడలేదు.

"తెలీదా?"

తల దించుకున్నాడు.

వదిన మొహంలో నవ్వు పోయింది. "మమ్మల్ని అడక్కపోతే పోయావు, నువ్వైనా ఒక పేజీ రాసి చూసుంటావనుకున్నాను మహానుభావా! ఆ నమ్మకంతోనే నోటికొచ్చింది చెప్పాను."

ఇప్పుడు నిజం చెబితే ఆవిడ అబద్ధం బయటపడుతుంది. చెప్పకపోతే, అది ఎలాంటిదైనా ఆవిడ దగ్గర రాసే ఆరుగురూ ఏళ్ల తరబడి ఆ సిస్టమ్‌తో వేగాలి. ఇంత తెలిసీ అతను ఆ క్షణంలో ఆలోచిస్తున్నది తన ఉద్యోగం గురించే. అది తనకే తెలిసి మరింత సిగ్గేసింది.

"సంతకాలు కాకముందే చెప్పేద్దాం పద," అంది వదిన.

మీటింగు గది దాకా వెళ్లారు. తలుపు ముందు అతని చెయ్యి లేవలేదు. వదినే తట్టింది.