ఆయన ఎత్తుకు బిగించిన సీటు

జెల్ సీటంటే లోపల నీళ్లుంటాయేమో అనుకుంటూ మెహతాబ్ బొటనవేలితో నొక్కి చూసింది, కుట్టుమిషను మీద బతికే మనిషి కదా, చూపు ముందు కుట్టు మీదికే పోయింది, రెక్సిన్ అంచున దారం అప్పుడే లేచింది, ఆర్నెల్లు కూడా రాదు ఇది, పక్కనున్న స్ప్రింగుల సీటు వెడల్పుగా ఉంది, నడుముకు అదే హాయేమో, రోజూ మార్కాపురమంతా సైకిలు మీద తిరిగి కుట్టిన బట్టలు ఇళ్లకిచ్చి రావాలి, నడుము పడిపోతే పొయ్యిలో పిల్లి లేవదు, ఎవురికమ్మా సీటు అంటున్నాడు దుకాణం ఓబులయ్య, మా ఆయనకు మామా అనేసింది నోరు, బుద్ధి ఎప్పుడూ నోటికి ఒకడుగు వెనకే కదా.

అనేశాక నాలిక కరుచుకుంది, సాజిద్ ఇల్లు విడిచి మూడేళ్లు, పామూరులో ఇంకొకామెతో కాపురం పెట్టాడని వీధి వీధికీ తెలుసు, ఓబులయ్యకు తెలియదా, తెలిసీ పెద్దమనిషి కాబట్టి తల వంచుకుని, మనిషి లావా సన్నమా అని అడుగుతున్నాడు, సన్నమే మామా, నడుము ముప్పై, ప్యాంటు పొడుగు నలభై రెండు, టేపు లేకుండానే చెప్పేసింది, ఎన్ని కుట్టలేదు ఆయనకు, కొలత తీస్తుంటే కావాలని పొట్ట లోపలికి లాక్కునేవాడు, ఊపిరి వదలండీ అని తను కసురుకుంటే నవ్వి ఒక్కసారే వదిలేవాడు, వెచ్చగా తన నుదుటి మీద పడేది, ఇప్పుడు ఈ బస్సుల హారన్ల మధ్య, మధ్యాహ్నపు ఎండలో, అదే వెచ్చదనం తగిలినట్టయి ఒళ్లు ఝల్లుమంది, సిగ్గులేని ఒళ్లు, వదిలేసిపోయినవాడి కోసం ఇంకా ఆశపడుతోంది, ఆయన కావాలి, ఎవరికీ చెప్పుకోలేదు గానీ రోజూ కావాలి.

ఓబులయ్య స్ప్రింగుల సీటు తీసుకుని బయట నిలిపిన ఆమె సైకిలు దగ్గరికొచ్చాడు, ఇద్దరికీ పనికొస్తుందని సాజిద్ కొన్న లేడీస్ సైకిలు అది, దాని పాత సీటును చేత్తో తడిమి, దీన్ని ఎవురు తొక్కుతున్నారమ్మా, ముందర కొన ఒక్కటే అరిగింది, ఎనక అంతా కొత్తదాని మాదిరే ఉంది, కాళ్లందక కొన మీదికి జారి మునివేళ్లతో తొక్కే మనిషికి ఏ సీటేసినా ఏంది లాభం, తప్పు సీటుది కాదు, ఎత్తుది, అన్నాడు, ఉన్నమాటంటే ఉలుకెక్కువ, మెహతాబ్‌కు రోషమొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది, ఎత్తు సంగతి తనకు తెలియకనా, ఆయన కాళ్లకు బిగించిన ఎత్తే అది, ఒకసారి స్పానరు పట్టుకుని నట్టు దగ్గర కూర్చుని కూడా లేచిపోయింది, దించిన రోజే ఆయన వస్తే, నేను రాననే అనుకున్నావా అంటే ఏం చెప్పాలి, ఆ భయంతో మూడేళ్లుగా ఎత్తుమీద నుంచి దిగేటప్పుడల్లా ఒక కాలితో ఎగిరి దూకుతోంది, ఒకసారి గుడ్డలమూటతో సహా కాలవలో పడింది కూడా.

దించనా అట్లే ఉంచనా అని ఓబులయ్య స్పానరుతో నిలబడ్డాడు, మెహతాబ్ సీటు కింది కడ్డీ వంక చూసింది, ఇదేమన్నా ఆయనను కట్టేసిన గుంజా, సీటు పల్లంగా ఉందని పోలేదు ఆయన, ఎత్తుగా ఉన్నంత మాత్రాన తిరిగిరాడు, వస్తే నట్టు వదులు చేసి పైకి జరుపుకోవడం ఆయనకు రాదా, రాకపోయినా ఆశ పోదు, పొమ్మన్నా పోయేది కాదు, ఉండనీ, కానీ రోజూ నొస్తున్న నడుము ఆయనది కాదు, ఆయనకు ఈ నొప్పి ఉన్నట్టు కూడా తెలియదు, మామా, తొక్కేది నేనే, నాకు దించు.