పదమూడు కిలోల ఉడుత

"నాలుగు కిలోలకి మించి ఏదీ ఎత్తకూడదు. ఆరు వారాలు," అంది డాక్టరమ్మ, నా కుట్ల మీద కట్టు మార్పిస్తూ. "పసివాణ్ణి ఎత్తుకోవచ్చు. బకెట్లు, బుట్టలు మాత్రం ముట్టుకోకు."

చెప్పింది ఎవరికి? పార్సిలాఫీసు కౌంటర్లో పదేళ్ళుగా తూకాలు వేస్తున్న మనిషికి. పెట్టె చేతిలోకి తీసుకుంటే చాలు, కాటా చూడకుండానే ఎంతుందో చెప్పేస్తాను. అలాంటి నాకు కిలోల పాఠం చెబుతోందే అని లోపల ఉడుక్కున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, దాచుకోవడం దేనికి? కానీ ఆవిడ అటు వెళ్ళాక లెక్క వేసుకుంటే గుండె గుభేలుమంది. పసివాడు మూడుంబావు, బాగానే ఉంది. మరి ఇంట్లో ఉన్న పెద్దది? పదమూడు.

పెద్దదాన్ని మేమంతా ఉడుత అంటాం. దానికి మూడేళ్ళు నిండడానికి ఇంకా రెండు నెలలుంది. చక్కగా నడవగలదు, కానీ నడవదు. కనిపించిన మనిషినల్లా ఎక్కుతుంది, అందరికన్నా ఎక్కువ నన్ను. మేముండేది మూడో అంతస్తు. మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, మా ఇంటికి మాత్రం మెట్లే దిక్కు. సాయంత్రం నేను పని దిగి, దాన్ని క్రెష్ నుంచి తీసుకొస్తే, కింది మెట్టు దగ్గర ఆగి రెండు చేతులూ పైకెత్తేది. ఎత్తుకోమని నోరు తెరిచి అడగడం కూడా ఉండేది కాదు. కడుపుతో ఉండగా కూడా ఏడో నెల దాకా దాన్ని చంకనేసుకునే మెట్లెక్కాను.

అది పుట్టినప్పుడూ నాకు ఆపరేషనే. అప్పుడంతా హడావుడి, స్ట్రెచరు తోసుకుంటూ పరుగులు. ఈసారి తారీకు ముందే రాసుకుని, సంచి సర్దుకుని, సినిమాకి వెళ్ళినట్టు వెళ్ళాం. వెన్నులో సూది గుచ్చాక నడుం కింద ఉన్నది నాదో ఎవరిదో తెలియలేదు. ఛాతీ దగ్గర ఒక తెర కట్టారు. నొప్పి లేదు గానీ అవతల ఎవరో అల్మారాలో బట్టలు వెతుకుతున్నట్టు లోపలంతా కదులుతోంది. భయమేసింది. నన్ను మాటల్లో పెట్టడానికి మత్తు డాక్టరు ఏం పని చేస్తావమ్మా అని అడిగాడు. చెప్పాను. అంతే, నెల కిందట తను పంపిన పార్సిల్ ఇంతవరకూ చేరలేదని మొదలుపెట్టాడు!

"రసీదు నంబరుందా సార్?" అని నేను అడుగుతుండగానే తెర అవతల ఏడుపు వినిపించింది. నాకూ ఏడుపొచ్చేసింది, ఉత్త సంతోషానికి. మత్తు డాక్టరు పార్సిల్ సంగతి మర్చిపోయి నా కళ్ళు తుడిచాడు.

మర్నాడు మంచం దిగి నిలబడేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. నర్సు ఒక పక్క, అత్తయ్య ఒక పక్క. బాత్రూముకి పది అడుగులు, అవి వేయడానికి పది నిమిషాలు. తుమ్మొస్తే పొట్టకి దిండు అదుముకోవాలి, దగ్గొస్తే అదుముకోవాలి, నవ్వొస్తే మరీ గట్టిగా అదుముకోవాలి. అందుకని మా ఆయన జోకుల మీద నిషేధం పెట్టాను. ఇవన్నీ ఒక ఎత్తు, ఆ గాలి గోల ఒక ఎత్తు. పొట్టలోంచి గాలి పోతేగానీ సూప్ కూడా ఇవ్వరట. డాక్టరమ్మ నుంచి గది ఊడ్చే ఆవిడ దాకా అందరిదీ ఒకటే ప్రశ్న: "గాలి పోయిందా అమ్మా?" పనిలో ఉన్న మా ఆయన గంటకోసారి ఫోన్ చేసి అదే అడిగేవాడు. పోయిన క్షణాన అత్తయ్య వరండాలోకి పరిగెత్తి, నేనేదో పరీక్షలో ఫస్టొచ్చినట్టు వార్డంతా చాటింపేసింది. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, ఆ సూప్ రుచి మాత్రం ఇప్పటికీ మర్చిపోలేను.

ఇంటికొచ్చిన రోజు మూడంతస్తులు ఎక్కడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఉడుత పై మెట్టు మీద నిలబడి చేతులెత్తింది. "అమ్మకి పొట్ట నొప్పి తల్లీ," అని వాళ్ళ నాన్న దాన్ని తీసేసుకున్నాడు. అది ఆయన భుజం మీంచి నన్నే చూసింది.

తొమ్మిదో రోజు తప్పు చేశాను. ఆయన పనికెళ్ళాడు. అత్తయ్య పసివాడికి నీళ్ళు పోస్తోంది. గదిలో నేనూ ఉడుతా. అది నా కాళ్ళు పట్టుకుని, మొహం నా మోకాళ్ళకి ఆనించి నిలబడింది. అడగలేదు, ఏడవలేదు. దాన్ని ఎత్తుకుని తొమ్మిది రోజులైంది. పదమూడు కిలోలు నాకో లెక్కా, ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. వంగి ఎత్తాను. కింద చురుక్కుమంది. దాన్ని మంచం మీదికి వదిలేసి చూసుకుంటే నైటీ మీద ఎర్రటి మరక. నొప్పికీ భయానికీ ఏదో అరిచాను. అత్తయ్య పరిగెత్తుకొచ్చింది. మళ్ళీ ఆసుపత్రి, రెండు కుట్లు, డాక్టరమ్మ చేత నాలుగు చీవాట్లు.

ఆ తర్వాత నుంచి ఉడుత బుద్ధిమంతురాలైపోయింది. కమ్మీ పట్టుకుని మెట్లన్నీ తనే ఎక్కేది. తమ్ముడి గుడ్డలు మడతపెట్టి తెచ్చేది, నా చేతికివ్వకుండా మంచం అంచున పెట్టి వెళ్ళేది. "అబ్బ, పెద్దదైపోయిందే!" అని ఎదురింటావిడ మెచ్చుకుంది. అబద్ధమెందుకు, మొదట నాకూ హాయిగానే అనిపించింది. ఒకరోజు పసివాడు నిద్రపోయాక, "రా, పక్కన పడుకో," అని పిలిచాను. వచ్చింది. మంచానికి ఆ చివర, ఇంకో అంగుళం జరిగితే కింద పడేంత చివర, మంచం పట్టె పట్టుకుని పడుకుంది. నిద్రలో కూడా పట్టు వదల్లేదు.

అప్పుడు భయం పట్టుకుంది నాకు. ఇది ఇక నన్ను ఎక్కదా? ఒక పిల్లాణ్ణి కని, ఇంకో పిల్లని పోగొట్టుకున్నానా? గాయం మానుతోంది, పసివాడు చక్కగా పాలు తాగుతున్నాడు, ఇల్లంతా నవ్వులతో ఉంది. నేను మాత్రం క్యాలెండరులో రోజులు కొట్టేసుకుంటూ కూర్చున్నాను.

ఆరు వారాలయ్యాయి. "ఇక మామూలే, నీ ఇష్టం," అంది డాక్టరమ్మ. ఇంటికొచ్చి మూడంతస్తులూ ఎక్కడా ఆగకుండా ఎక్కేశాను. ఆయనా అత్తయ్యా టీ తాగుతున్నారు. చెప్పులు కూడా విప్పకుండా నేల మీద కూర్చుని చేతులు చాపాను.

"రావే ఉడుతా! డాక్టరమ్మ ఎత్తుకోమంది."

అది వెనక్కి వెనక్కి నడిచి నాయనమ్మ కుర్చీ చాటుకి పోయింది. "వద్దు. నేను నడుస్తా."

నాకు ఒళ్ళు మండింది. దాని మీద కాదు, మిగతా ఇద్దరి మీద. "పసిపిల్లని ఇంతగా బెదరగొట్టిందెవరు? అమ్మ దగ్గరికి పోకు, అమ్మని ముట్టుకోకు అని రోజూ నూరిపోశారా?"

"నేనేం అన్లేదు! ఒట్టు!" గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన కప్పు కింద పెట్టేశాడు.

"మరి మీరా అత్తయ్యా?"

పంచదార ఎప్పుడో కరిగిపోయిన టీని అత్తయ్య ఇంకా కలుపుతోంది.

"నువ్వే," అంది ఉడుత కుర్చీ వెనక నుంచి.

"నేనా? నేనేమన్నానే?"

అది బయటికొచ్చింది. వేలు చూపించి, అచ్చం నా గొంతుతో, నా దీర్ఘాలతో సహా అంది: "చంపేశావు కదే నన్ను! నీ బరువుకే చిరిగింది! ఇంకెప్పుడూ నా మీద ఎక్కకు!"

నేను అత్తయ్య వైపు చూశాను.

"నొప్పిలో అన్నావమ్మాయ్," అంది ఆవిడ మెల్లగా. "పచ్చి బాలింతవి, నీకు గుర్తుచేసి ఏడిపించడమెందుకని ఊరుకున్నా. పిల్ల మర్చిపోతుందనుకున్నా."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని అంటారు. నాకు సిగ్గేసింది. దాన్ని గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాను. కుర్తా అంచు కొంచెం ఎత్తి కుట్ల గీత చూపించాను. అది రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుని, దూరం నుంచే మెడ చాపి చూసింది.

"ఇది నువ్వు చేసింది కాదు. తమ్ముణ్ణి తీయడానికి డాక్టరమ్మ కోసింది. నిన్నూ ఇక్కణ్ణుంచే తీశారు. వద్దన్నా ఎత్తింది నేను, అందుకే చిరిగింది. తప్పు నాది. నీమీద అరిచానే, అదీ తప్పే."

అది ఆలోచించింది. "సారీ చెప్పు," అంది. క్రెష్‌లో నేర్పారు.

మా ఆఫీసులో పెద్దసారు కూడా నా నోట ఆ మాట రప్పించలేకపోయాడు. "సారీ," అన్నాను.

"గట్టిగా."

"సారీ!" పక్క గదిలో ఆయన దగ్గడం వినిపించింది.

అయినా అది దగ్గరికి రాలేదు. మంచం మీది దిండు లాక్కొచ్చింది. "ఇది ఎత్తు." ఎత్తాను. నా కుర్తా అంచు పైకి లాగి చూసింది. "చిరగలేదు." తన బూట్లు తెచ్చింది. ఎత్తాను. చూసింది. నా సంచి, తమ్ముడి స్నానం టబ్బు, ఆఖరికి ముక్కుతూ మూలుగుతూ ఈడ్చుకొచ్చిన చెక్క స్టూలు. ప్రతిసారీ వంగి ఆ గీత మొత్తం ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. తర్వాత గదంతా కలయజూసింది. తేవడానికి ఇంకేమీ లేదు. నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"మెల్లగా," అంది.

ఎత్తాను. కాళ్ళు నా పొట్టకి తగలకుండా బయటికి చాపి, కర్రలా బిగుసుకుపోయింది. దాని బుగ్గలు రెండూ పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. "ఏమైందే?" అంటే పలకదు. తల అడ్డంగా ఊపుతుంది. మొహం ఎర్రబడుతోంది. అప్పుడర్థమైంది నాకు. నా మీద బరువు పడకూడదని ఊపిరి బిగబట్టింది పిచ్చితల్లి.

"వదిలెయ్ నాన్నా," అన్నాను. "ఊపిరి వదిలెయ్. అమ్మకేం కాదు."

ఒకసారి కిందికి చూసుకుంది. నా కళ్ళలోకి చూసింది. తర్వాత నా మెడ మీద బుస్సుమని వదిలేసి, కాళ్ళు నా నడుం చుట్టూ వేసి, ఒళ్ళంతా నా మీద వాల్చేసింది.