దిష్టి ప్లాస్టర్

నేను ఒక ముసలి కంప్యూటర్‌ని. ముసలితనం నా అంతట నేను తెచ్చుకున్నది కాదు. మార్కాపురం వైపు ఒక చిన్న ఊరి ఆస్పత్రికి నన్ను తెచ్చిన రోజున, కొత్త పెళ్లికొడుకును చూసినట్టు చుట్టూ చేరి చూసినవాళ్లే, కొన్నేళ్లు గడిచాక ‘ఇంకా ఈ డొక్కుదేనా’ అని మూతి విరిచారు. నేను పెట్టినచోటే ఉన్నాను, పెట్టినట్టే ఉన్నాను. లోకం ముందుకు పోతే తప్పు నాదట.

నా ఉద్యోగం తల స్కానింగు. గుండ్రటి పెద్ద యంత్రం రోగి తలను చూస్తే, చూసినదాన్ని బొమ్మగా మార్చి తెర మీద పెట్టేది నేను. నాలో నడిచే ఆపరేటింగ్ సిస్టంకు కాలం చెల్లిందని దాన్ని తయారుచేసినవాళ్లే ప్రకటించి చేతులు దులుపుకున్నారు. అంటే కొత్త వైరస్‌లు పుడుతూనే ఉంటాయి, నాకు మాత్రం టీకాలు ఉండవు. యాజమాన్యం పోనీలే అని ఒక కొత్త కంప్యూటర్ తెచ్చింది. కానీ యంత్రానికీ నాకూ మాట కలిపే కార్డు ఒకటి నా పొట్టలో ఉంది. నానా తంటాలు పడి దాన్ని కొత్తదానికి తగిలించినా, ఆ సిస్టం దాన్ని గుర్తుపట్టనే లేదు. నన్ను మార్చాలంటే స్కానింగు యంత్రాన్నే మార్చాలని తేలింది. దాంతో కొత్తది రిసెప్షన్‌కు పోయింది, నేను ఉద్యోగంలో మిగిలాను.

అప్పుడు సుదర్శనం అనే ఇంజనీరు నా వెనక నెట్ వైరు పెట్టే కన్నానికి, గాయాలకు వేసే తెల్ల ప్లాస్టర్ ముక్క అడ్డంగా అంటించాడు. నెట్ తగిలితే దీని పని అయిపోయినట్టేనని స్కానింగు తీసే సుభాషిణికి వివరంగా చెప్పాడు. ఊడ్చి తుడిచే ఆయా గంగరత్నానికి అంత వివరం ఎందుకనుకున్నాడేమో, దిష్టి తగలకుండా పెట్టానని నవ్వేశాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

ఆయుధపూజ నాడు సుభాషిణి సెలవులో ఉంది. గంగరత్నం స్ట్రెచర్లు, ఆక్సిజన్ సిలిండర్లు అన్నీ కడిగి, తుడిచి, పసుపు రాసి నా దగ్గరికి వచ్చింది. ప్లాస్టర్ మట్టి కొట్టుకుని నల్లబడి ఉంది. దిష్టంతా దీనికే పట్టిందనుకుంది. పాడైన దిష్టి గుమ్మడికాయను తీసి కొత్తది కట్టరూ? అలాగే దాన్ని పీకేసి, కొబ్బరినూనె గుడ్డతో జిగురు తుడిచి, నాకు గంధం రాసి బొట్టు పెట్టింది. కొత్త ప్లాస్టర్ కోసం వెతికితే దొరకలేదు. కన్నం బోసిగా కనిపించింది. పక్కనే గోడకు ఒక వైరు ఊరికే వేలాడుతోంది. రెండూ అతికినట్టు సరిపోయాయి.

మర్నాడు నన్ను ఆన్ చేసిన కాసేపటికే వాడు వచ్చాడు, వైరస్‌గాడు. రిసెప్షన్‌లో ఎవరో తెరవకూడని మెయిల్ తెరిచారు. టీకాలున్న కంప్యూటర్లు తట్టుకున్నాయి. వాడు వైరు వెంట నడిచి నన్ను చేరాడు. నా ఫైళ్లకు ఒక్కొక్కదానికీ తాళం వేస్తూ, ఇంకోపక్క నా చేతనే మిగతా కంప్యూటర్ల తలుపులు తట్టించసాగాడు. నేను కేక వేయలేను. మౌస్ కాస్త మొరాయించింది, అంతే.

సరిగ్గా అప్పుడే టైలర్ రఫీ భార్య షాహీనాను తెచ్చారు. చున్నీ బండి చక్రంలో చుట్టుకుని వెనక సీటు మీంచి వెల్లకిలా పడింది. దెబ్బ పైకి కనబడటం లేదు, మనిషి మాత్రం మగతలోకి జారిపోతోంది. లోపల నెత్తురు ఎక్కడ గడ్డకట్టిందో తెలియకుండా కత్తి పెట్టలేనని సర్జన్ పార్వతీశంగారు చెప్పారు. స్కానింగు కోసం ఒంగోలు దాకా తీసుకుపోతే దారిలోనే దక్కదని కూడా చెప్పారు. రఫీ గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

సుభాషిణి బటన్ నొక్కింది. తెర సగంలో బిగుసుకుపోయింది. సర్వీసు అతనికి ఫోన్ చేస్తే, మా జాతి పుట్టినప్పటి నుంచీ మనుషులు పాడే పాటే పాడాడు. ఒకసారి ఆపి ఆన్ చెయ్యండి, మేడమ్.

ఆపితే నేను లేవను. లేవడానికి కావలసిన ఫైళ్లకు అప్పటికే తాళాలు పడ్డాయి. స్కానింగు ప్రోగ్రాం ముందే తెరిచి ఉంది కాబట్టి ఇంకా నడుస్తోంది. సుభాషిణి వేలు నా స్విచ్ మీదికి వచ్చింది. నా బతుకులో నాకు భయం వేసింది అప్పుడే.

తలుపు దగ్గర నిలబడ్డ గంగరత్నం నోరు విప్పింది.

“అమ్మా, నిన్న ఆ దిష్టి ప్లాస్టర్ నేనే తీసేశా. కన్నం బోసిగా ఉందని ఆ వైరు పెట్టా. దానివల్లేనా?”

సుభాషిణి వేలు వెనక్కి వచ్చింది. వంగి నా వెనక చూసింది. ఒక్క లాగుతో వైరు ఊడబెరికింది. తలుపులు తట్టే చాకిరీ తప్పి నాకు కాస్త ఊపిరాడింది. తెర కదిలింది. ఫోన్‌లో అతను ఇంకా ఆపమనే అంటున్నాడు.

“ఆపితే ఇది మళ్లీ లేస్తుందని మీరు చెప్పగలరా?”

గ్యారంటీ ఇవ్వలేనన్నాడు అతను. ఆమె ఫోన్ పెట్టేసి మళ్లీ బటన్ నొక్కింది.

బొమ్మలు ఒక్కొక్కటే తెర మీదికి నెట్టాను. దాచలేకపోయాను, దాచినవాటికి దాచినట్టే వాడు తాళం వేస్తున్నాడు. అది కనిపెట్టి సుభాషిణి తన ఫోన్‌తో తెరకు ఫొటోలు తీసింది. కుడి పక్కన, పుర్రె కింద, గడ్డ స్పష్టంగా ఉంది. పార్వతీశంగారు వంగి చూసి, ఆపరేషన్ థియేటర్ వైపు పరుగెత్తారు. వెంటనే నా తెరంతా ఎర్రబడి, డబ్బు కడితేనే తాళాలు తీస్తామన్న బెదిరింపు వచ్చింది. ఆలస్యంగా వచ్చావురా అనుకున్నాను. అంత సంతోషం నేనెప్పుడూ ఎరగను.

షాహీనా బతికింది. నన్ను ఆపారు, నేను లేవలేదు. ఎన్నాళ్లుగానో కుదరదన్న కొత్త స్కానింగు యంత్రం, కొత్త కంప్యూటర్‌తో సహా నెల తిరక్కుండా ఎలా కుదిరిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నన్ను మెట్ల కింద స్టోర్ గదిలో, విరిగిన స్ట్రెచర్ మీద పెట్టారు.

మళ్లీ ఆయుధపూజ వచ్చింది. గంగరత్నం పసుపు కుంకుమల పళ్లెంతో స్టోర్ గదిలోకి వచ్చింది. పాడైపోయినదానికి పూజేమిటని బయట ఎవరో నవ్వినా వినిపించుకోలేదు. దుమ్ము తుడిచి బొట్టు పెట్టింది. తర్వాత నన్ను మెల్లగా వెనక్కి తిప్పి, కొంగున ముడివేసి తెచ్చుకున్న తెల్ల ప్లాస్టర్ ముక్కను ఆ కన్నానికి అంటించి వేలితో అదిమింది. ఇప్పుడు నాలోకి రావడానికి ఏ వైరూ లేదు, దోచుకుపోవడానికి లోపల ఏమీ లేదు.

“ఇంక తియ్యన్లే,” అంది నాతో.